పద్దు పాసైంది, డబ్బు ఏదండీ?

ఉమ్మడి విశాఖ జిల్లా శాసనసభ్యులకు ఒక రిటైర్డ్ ఖజానా ఉద్యోగి బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

నమస్కారం. భీమిలి నుంచి పాయకరావుపేట దాకా, గాజువాక నుంచి అరకు దాకా మీరు పదిహేను మంది. మీలో పదమూడు మంది అధికార కూటమి, ఇద్దరు ప్రతిపక్షం. ఒకరు హోంమంత్రి, ఇంకొకరు సాక్షాత్తూ స్పీకర్. ఇంత బలగం ఏ జిల్లాకు ఉంటుంది చెప్పండి. ఈ ఉత్తరం పదిహేను మందికీ కలిపే రాస్తున్నాను. నేను అడగబోయేది పార్టీ పని కాదు, సభ పని.

నా సంగతి రెండు ముక్కల్లో. ముప్పై మూడేళ్ళు ఖజానా శాఖలో చేశాను. జూనియర్ అకౌంటెంటుగా చేరి ఎస్టీవోగా, అంటే సబ్ ట్రెజరీ ఆఫీసరుగా దిగిపోయాను. సీతమ్మధారలో ఉంటాను. పొద్దున్నే బీచ్ రోడ్డులో నడక, తెన్నేటి పార్కు దగ్గర కాసేపు కూర్చోవడం, అదీ నా దినచర్య. ఆ పార్కుకు పేరొచ్చిన తెన్నేటి విశ్వనాథం గారు 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ప్రకాశం పంతులు గారి మంత్రివర్గంలో ఆర్థికమంత్రి. నాతో నడిచేవాళ్ళలో సగం మందికి ఈ సంగతి తెలీదు. పార్కు అనగానే వాళ్ళకు 2020లో గాలివానకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ గుర్తొస్తుంది.

అసలు విషయానికి వచ్చేముందు ఒక మార్చి 31 రాత్రి గురించి చెప్పాలి. ఏ ఊరో, ఏ ఆఫీసో ఎందుకు లెండి. రాత్రి పదకొండు దాటింది. కౌంటరు ముందు ఇంకా నలభై మంది ఉన్నారు. ట్యాగులు కట్టిన బిల్లులు బల్ల పక్కన మోకాలెత్తున పేరుకున్నాయి. సర్వరు ఒక నిమిషం తిరిగితే అయిదు నిమిషాలు పడుకుంటోంది. వరసలో ఆఖరున ఒక చిన్న కాంట్రాక్టరు నిలబడ్డాడు. చేతిలో స్టీలు క్యారేజీ, మధ్యాహ్నం తెచ్చుకున్నది, ఇంకా విప్పలేదు. ఒక ప్రభుత్వ హాస్టల్లో మరుగుదొడ్లు బాగుచేశాడు. పని అయిపోయి అయిదు నెలలైంది. బిల్లులో తప్పు లేదు. సంతకాలున్నాయి, చేసిన పనిని కొలిచి రాసే ఎం.బుక్ నంబరుంది. ఆ ఖర్చు ఏ పద్దు కిందదో చెప్పే హెడ్ నంబరు కొడితే మాత్రం స్క్రీన్ మీద బడ్జెట్ లేదని వస్తోంది. పన్నెండు కొట్టింది. బిల్లు మురిగిపోయింది. ఏప్రిల్లో మళ్ళీ కొత్తగా పెట్టించుకోమన్నాను.

"బాబూ, అసెంబ్లీలో పాసైపోనాది అన్నారు కదేటి. పాసైపోనాక డబ్బు నేదంతారేటి?" అన్నాడతను. కోపంగా కూడా కాదు, నిజంగా తెలుసుకుందామని.

నా దగ్గర జవాబుంది. కౌంటరు అవతల నిలబడ్డ మనిషికి చెప్పగలిగే జవాబు కాదది. సభ పాస్ చేసిన మాట నిజం. ఆ హెడ్ కింద పుస్తకంలో సొమ్మున్న మాటా నిజం. ఆర్థిక శాఖ నుంచి విడుదల ఉత్తర్వు రాలేదు, అంతే. మీరు ఓటేసిన పద్దుకూ, అతని ఖాతాలో పడాల్సిన డబ్బుకూ మధ్య ఒక కాగితం ఉంటుంది. దాన్ని మేం బీఆర్వో అంటాం, బడ్జెట్ రిలీజ్ ఆర్డర్. అదెప్పుడొస్తుందో, ఎంతకొస్తుందో, అసలొస్తుందో రాదో సభకు ఎవరూ చెప్పరు. సభా అడగదు.

మళ్ళీ బడ్జెట్ రోజులు వస్తున్నాయి కాబట్టే ఈ ఉత్తరం. 2025 ఫిబ్రవరి 28న ఆర్థికమంత్రి పయ్యావుల కేశవ్ గారు 3.22 లక్షల కోట్ల బడ్జెట్ పెట్టారు. ఆ రోజు సాయంత్రం టీవీల నిండా రంగురంగుల బొమ్మలు, ఏ రంగానికి ఎన్ని వేల కోట్లో. మంచిదే. కానీ బడ్జెట్ పుస్తకం తెరిస్తే ప్రతి పద్దుకూ నాలుగు గళ్ళుంటాయి. రెండేళ్ళ కిందట నిజంగా అయిన ఖర్చు, నిరుటి అంచనా, నిరుటిదే సవరించిన అంచనా, రాబోయే ఏడాది అంచనా. టీవీలో చెప్పేది నాలుగో గడి ఒక్కటే. ఇంట్లో పిల్లాడు ఈసారి తొంభై మార్కులు తెస్తానంటే, ముందు నిరుటి ప్రోగ్రెస్ కార్డు తెమ్మంటాం కదా. మిగతా మూడు గళ్ళూ ఆ కార్డే.

ఈ లెక్క జనానికి తెలీదనుకోకండి. స్టీల్ ప్లాంటుకు 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు గాజువాకలో టీ బడ్డీ దగ్గర నేను విన్న మొదటి ప్రశ్న, "సరే గానీ, పడేది ఎప్పుడు?" అని. బడ్జెట్ పుస్తకం ముట్టుకోని మనిషి కూడా అడిగే ప్రశ్న అది.

మీ చేతిలో ఉన్న అధికారం ఏమిటో ఒకసారి చూద్దాం. రాజ్యాంగం 203వ అధికరణ ప్రకారం ప్రభుత్వం అడిగిన సొమ్ముకు మీరు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, తగ్గించవచ్చు. పెంచలేరు. తగ్గించడానికి కోత తీర్మానాలున్నాయి. డిమాండును, అంటే ఒక శాఖ కోసం అడిగిన పద్దును, ఒక్క రూపాయికి దించమనేది ఒక రకం, వంద రూపాయలు తగ్గించమనేది ఇంకో రకం. అవి నెగ్గితే ప్రభుత్వం ఓడిపోయినట్టే లెక్క. అందుకని అధికార పక్షంలో కూర్చున్నవారెవరూ ఆ జోలికి పోరు. ఇది మన దగ్గరే కాదు. బ్రిటన్ కామన్స్ సభ 1919లో లార్డ్ చాన్సలర్ గారికి రెండో స్నానాలగది కట్టడానికి డబ్బిచ్చేది లేదని అడ్డం తిరిగిందట. వందేళ్ళు దాటినా ఇప్పటికీ దాన్నే ఉదాహరణగా చెప్పుకుంటున్నారంటే అలాంటివి ఎంత అరుదో చూడండి.

కాబట్టి కోత పెట్టమని నేను మిమ్మల్ని అడగను. ఓటుకు ముందు చదవమంటాను. ఓటు తర్వాత ఏమైందని అడగమంటాను.

చదవడమంటే ఒక్కరే కూర్చుని చదివేది కాదది. నలభై దాకా డిమాండ్లు, సంపుటాలకు సంపుటాలు, అన్నీ అంకెలు. 2210 అంటే వైద్యం, 2202 అంటే చదువులు, 3054 అంటే రోడ్లు, 2071 అంటే పింఛన్లు. నా పింఛను ఏ హెడ్ నుంచి వస్తుందో మా మనవరాలికి కూడా తెలుసు గానీ, బయటివాళ్ళకు అది సంకేత భాషే. పెళ్ళిళ్ళు, పరామర్శలు, ఆఫీసుల్లో సిఫారసుల మధ్య ఒక ఎమ్మెల్యే వాటిని తిరగేయాలంటే కుదిరే పని కాదు. నాకూ తెలుసు.

ఢిల్లీలో ఈ సంగతి ముందే గ్రహించారు. 1993లో మన పీవీ నరసింహారావు గారు ప్రధానిగా, శివరాజ్ పాటిల్ గారు స్పీకర్‌గా ఉన్నప్పుడు శాఖలవారీగా 17 స్థాయీ సంఘాలు వేశారు. 2004లో వాటిని 24 చేశారు. ఒక్కో సంఘంలో 31 మంది, లోక్‌సభ నుంచి 21, రాజ్యసభ నుంచి 10. మంత్రులకు చోటు లేదు. బడ్జెట్ పెట్టాక సభకు కొన్ని వారాల విరామం ఇస్తారు. ఆ విరామంలో సంఘాలు కార్యదర్శులను పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టుకుంటాయి. నిరుడు ఇచ్చింది ఎందుకు మిగిలింది, మిగిలినా ఈసారి ఇంకా ఎక్కువ ఎందుకు అడుగుతున్నారు, ఈ పథకం డబ్బు మార్చి నెలలోనే ఎందుకు ఖర్చవుతుంది, ఇలా ఉంటాయి ప్రశ్నలు. తలుపులు మూసి ఉంటాయి, కెమెరాలు ఉండవు. అందుకే అక్కడ అధికార పార్టీ సభ్యుడు కూడా తన ప్రభుత్వ అధికారిని గట్టిగా నిలదీయగలడు. తర్వాత సంఘం నివేదిక ఇస్తుంది, దాని మీద ఏం చేశారో శాఖ రాతపూర్వకంగా చెప్పుకోవాలి.

అలాగని ఢిల్లీలో అంతా సవ్యంగా ఉందని కాదు. 2018 మార్చిలో ఒకసారి, 2023 మార్చిలో ఒకసారి లోక్‌సభ గొడవల మధ్య చర్చే లేకుండా అన్ని పద్దులనూ గిలెటిన్ కింద పెట్టి, అంటే కట్టగట్టి ఒకేసారి ఓటుకు పెట్టి, పాస్ చేసేసింది. 2023లో అది సుమారు 45 లక్షల కోట్ల బడ్జెట్. సిగ్గుపడాల్సిన విషయమే. కానీ అప్పటికే ఆ పద్దుల్ని సంఘాల్లో కొందరైనా కూర్చుని చదివారు, నివేదికలు రాశారు. సభలో చర్చ జరగకపోయినా ఆ కాగితాలు ఉన్నాయి, నాలాంటివాడు కూడా తీసి చదువుకోవచ్చు.

కేరళ మనకంటే, ఆ మాటకొస్తే ఢిల్లీ కంటే కూడా ముందు మేలుకుంది. 1980లోనే అక్కడి అసెంబ్లీ సబ్జెక్టు కమిటీలు వేసుకుంది. బడ్జెట్ పెట్టాక పద్దులు ఆ కమిటీలకు వెళ్ళి, వాళ్ళు చూశాకే ఓటుకు వస్తాయి. అందులో ఒక లోపం ఉంది. శాఖ మంత్రే ఆ కమిటీకి అధ్యక్షుడు. పరీక్ష రాసినవాడికే పేపర్లు దిద్దమని ఇచ్చినట్టు. మనం కేరళను కాపీ కొట్టేటప్పుడు ఆ ఒక్క లైను వదిలేసి కొట్టాలి.

మన నిబంధనల పుస్తకంలో ఏ కమిటీ పేరుంది, ఏది లేదు అన్నది నా గొడవ కాదు. పుస్తకంలో చాలా ఉంటాయి. ఓటుకు ముందు ఆ పద్దును ఎవరు, ఎన్ని గంటలు చదివారన్నదే నా ప్రశ్న. 2021 మే 20న మన అసెంబ్లీ ఒక్కరోజే కూర్చుంది. పొద్దున గవర్నరు ప్రసంగం, ఆ వెంటనే 2.29 లక్షల కోట్ల బడ్జెట్, ఆ రోజే ఖజానా నుంచి ఆ సొమ్ము తీసుకోనిచ్చే ద్రవ్య వినిమయ బిల్లు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా ఖర్చులకు అప్పటికే ఆర్డినెన్స్ ఇచ్చి ఉన్నారు. 2024లో ప్రభుత్వం మారింది. ఆగస్టు నుంచి నవంబరు దాకా ఖర్చులకు మళ్ళీ ఆర్డినెన్సే దిక్కయింది. పూర్తి బడ్జెట్ నవంబరు 11న, అంటే ఆర్థిక సంవత్సరం ఎనిమిదో నెలలో వచ్చింది. మొదటిదానికి కరోనా కారణమన్నారు, రెండోదానికి ఎన్నికలూ, ఖజానా పరిస్థితీ. కారణాలు లేవని నేననను. కానీ కరోనా రోజుల్లో కూడా మా వీధి రేషన్ డిపోలో బియ్యం తూచే ఇచ్చారు.

ఇక ఓటు తర్వాతి సంగతి. ఇది నేను బతికిన ఇలాకా కాబట్టి కాస్త ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

సభ ఇచ్చిన సొమ్మును ప్రభుత్వం ఆపేస్తే ఏం చేయాలన్న ప్రశ్న అమెరికాలో 1970ల మొదట్లో పెద్ద గొడవైంది. కాంగ్రెస్ మంజూరు చేసిన డబ్బును అధ్యక్షుడు నిక్సన్ ఖర్చు పెట్టనని బిగబట్టాడు. దాంతో 1974లో వాళ్ళొక చట్టం చేసుకున్నారు. అధ్యక్షుడు సొమ్ము ఆపదలిస్తే కారణంతో సహా కాంగ్రెస్‌కు చెప్పాలి. మంజూరును రద్దు చేయమని అడిగితే, సభ నడిచే 45 రోజుల్లోగా కాంగ్రెస్ ఒప్పుకోకపోతే విడుదల చేసి తీరాలి. ఆ చట్టానికి తూట్లు పొడవాలని చూసినవాళ్ళు తర్వాతా ఉన్నారు, అది వేరే కథ. నేను చెప్పదలచింది ఏమిటంటే, డబ్బు ఆపడాన్ని అక్కడ ఒక నిర్ణయంగా గుర్తించారు. మన దగ్గర అది నిర్ణయం కూడా కాదు. ఎవరూ ఆపినట్టు ఉండదు. బీఆర్వో రాదు, అంతే. రాని కాగితానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

ఆ హాస్టల్ మరుగుదొడ్ల డబ్బు ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ తెలీదు. రాబడి తగ్గి ఉండొచ్చు, వేరే పథకానికి మళ్ళించి ఉండొచ్చు. ప్రభుత్వానికి ఇబ్బందులుంటాయి, ఏడాది మధ్యలో సర్దుబాట్లు తప్పవు. సర్దుకున్న సంగతి ఓటేసినవాళ్ళకు చెప్పమనే నేననేది. మూడు నెలలకోసారి ఒక కాగితం సభ ముందు పెట్టమనండి. హెడ్ వారీగా మీరు ఇచ్చింది ఎంత, విడుదలైంది ఎంత, చెల్లించింది ఎంత, ట్రెజరీల్లో పెండింగులో ఉన్న బిల్లులు ఎంత. ఇదేమీ కొత్తగా తవ్వి తీయాల్సిన లెక్క కాదు. 2018 నుంచి రాష్ట్రమంతా బిల్లులూ చెల్లింపులూ సీఎఫ్ఎంఎస్ అనే కంప్యూటర్ వ్యవస్థ మీదే నడుస్తున్నాయి. రాష్ట్రాల నెలవారీ లెక్కల్ని, ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ తన వెబ్‌సైట్లో పెడుతూనే ఉంది. బటన్ నొక్కితే వచ్చే కాగితాన్ని అడిగే నాథుడు కావాలి.

ఆ కాగితంలో చెల్లించామన్న గడి దగ్గర మాత్రం జాగ్రత్త. మా ఇంటావిడ ఎప్పుడైనా నెల సరుకుల డబ్బు పోపుల డబ్బాలోంచి తీసి బియ్యం డ్రమ్ములో దాచి, సరుకులకు ఖర్చయిపోయిందండీ అందనుకోండి. నేను నమ్ముతాను, ఎందుకంటే పోపుల డబ్బా ఖాళీ. పీడీ ఖాతాలని ఉంటాయి, ఖజానాలోనే ఆఫీసర్ల పేరున ఉండే పర్సనల్ డిపాజిట్ ఖాతాలు. అవే ఆ బియ్యం డ్రమ్ములు. పద్దులోంచి తీసి పీడీ ఖాతాలో వేయగానే పుస్తకంలో ఖర్చు రాసేస్తారు. పని మొదలై ఉండకపోవచ్చు, ఎవరికీ పైసా అంది ఉండకపోవచ్చు. మార్చి ఆఖరి వారంలో ఈ డ్రమ్ముల పని ఎంత జోరుగా ఉంటుందో నా కళ్ళతో నేను చూశాను. కాగ్ కూడా దీని గురించి రాస్తూనే ఉంది.

అలాగే మంజూరుకు మించి ఖర్చు పెట్టేస్తే 205వ అధికరణ ప్రకారం మళ్ళీ సభ ముందుకొచ్చి ఆమోదం తీసుకోవాలి. అవి ఏళ్ళ తరబడి తేలకుండా పడి ఉంటున్నాయని కాగ్ నివేదికలు పదేపదే చెప్తున్నాయి. ఒక గుమాస్తా వంద రూపాయలు ఎక్కువ డ్రా చేస్తే రికవరీ పెట్టే ప్రభుత్వం మనది.

ఇక పుస్తకంలోకే రానివి. కార్పొరేషన్ల పేర తెచ్చే అప్పులు బడ్జెట్లో అప్పుల గడిలో కనిపించవు. గ్యారంటీల పట్టికలో వెతుక్కోవాలి. తీర్చేది మాత్రం మన పన్నులతోనే. విశాఖలోని కొన్ని ప్రభుత్వ స్థలాలను రుణాల కోసం అలా తనఖా పెట్టారన్న సంగతి 2021లో పొద్దున్నే పేపర్లో చదివి తెలుసుకున్నాం. మన కాళ్ళ కింద స్థలం సంగతి మనకు పేపరువాళ్ళు చెప్పారు. రుషికొండ మీద పర్యాటక శాఖ పేరున వందల కోట్లతో లేచిన భవనాలు లోపల ఎలా ఉన్నాయో ఊరికి తెలిసింది 2024 జూన్‌లో, ప్రభుత్వం మారి గేట్లు తెరిచాక. దాని మీద రాజకీయం చాలా జరిగింది, అందులోకి నేను పోను. పర్యాటకం పద్దు చూసే సంఘం ఒకటి పనిచేస్తూ ఉంటే, పని నడుస్తుండగానే నలుగురు ఎమ్మెల్యేలు జీపు వేసుకుని ఆ కొండెక్కి చూసేవారు. వాళ్ళలో అధికార పార్టీవారూ ఉండేవారు. బాగుంటే బాగుందని రాసేవారు.

ఇన్ని లెక్కలు ఎవరు తీసి మీ చేతికిస్తారంటారా? దానికీ దారి ఉంది. అమెరికాలో కాలిఫోర్నియా అనే రాష్ట్రం, దేశం కాదు, మనలాంటి ఒక రాష్ట్రం, 1941లోనే తన శాసనసభ కోసం లెక్కలు విప్పి చెప్పే ఒక ఆఫీసు పెట్టుకుంది. అక్కడ గవర్నరు జనవరి పదికల్లా బడ్జెట్ ఇవ్వాలి. ఈ ఆఫీసువాళ్ళు దాన్ని విప్పి, ఇక్కడ అంచనా అతిగా ఉంది, ఇక్కడ నిరుటి డబ్బే మిగిలింది అని రెండు పార్టీలకూ ఒకేలా చెప్తారు. నిక్సన్ గొడవ తర్వాత అమెరికా కాంగ్రెస్ 1975లో తనకూ అలాంటిదే తెరుచుకుంది. ఉగాండా 2001లో, కెనడా 2006లో చట్టాలు చేసుకున్నాయి. మన పార్లమెంటుకు ఇప్పటికీ లేదు. ఉగాండాకు ఉన్నది మనకెందుకు లేదని ఏ టీవీ చర్చలోనూ ఎవరూ ఎందుకు అడగరో నాకు అర్థం కాదు.

మీరు మొదలుపెట్టొచ్చు. బడ్జెట్లో మొదటి డిమాండు మీదే, శాసనసభ ఖర్చులది. అందులో ఒక లైను చేర్పించండి. పది పన్నెండు మంది చాలు. ట్రెజరీలోనో, అకౌంటెంట్ జనరల్ ఆఫీసులోనో పనిచేసి వచ్చినవాళ్ళు నలుగురు, ఆంధ్రా యూనివర్సిటీ ఎకనామిక్స్ పిల్లలు నలుగురు, కంప్యూటర్ తెలిసినవాళ్ళు ఇద్దరు. వాళ్ళ అధిపతిని ఆర్థిక శాఖ నియమించకూడదు, బదిలీ చేయకూడదు. స్పీకర్ అయ్యన్నపాత్రుడు గారు నర్సీపట్నం మనిషి, మొహమాటం లేకుండా మాట్లాడతారని పేరు. ఈ మాట ఆయన చెవిన వేయడానికి మీకు అమరావతి దాకా కూడా వెళ్ళక్కర్లేదు.

పీఏసీ గురించి రాయకపోతే ఈ ఉత్తరం సగమే అవుతుంది. ప్రజాపద్దుల సంఘం మన దేశంలో 1921 నుంచి ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా ఇరవై ఏళ్ళు దాని అధ్యక్షుడు అధికార పార్టీవాడే. 1967లో నీలం సంజీవరెడ్డి గారు లోక్‌సభ స్పీకర్‌గా ఉన్నప్పుడు ఆ కుర్చీ మొదటిసారి ప్రతిపక్షానికి, మినూ మసానీకి ఇచ్చారు. అప్పటినుంచి అదే ఆనవాయితీ. ఆ సభలో విశాఖ ఎంపీ ఎవరో తెలుసా? తెన్నేటి విశ్వనాథం గారే.

మన సభకొస్తే, 2019లో ఎన్నికైన సభలో పీఏసీ అధ్యక్షుడు పయ్యావుల కేశవ్ గారు, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్నారు. 2021 జులైలో 41 వేల కోట్ల చెల్లింపులకు సరైన లెక్కలు లేవని ఆయన గవర్నరుకు ఫిర్యాదు చేశారు. తప్పేమీ జరగలేదని అప్పటి ప్రభుత్వం కొట్టిపారేసింది. ఎవరిది నిజమో పక్కన పెట్టండి. లెక్క అడిగే సంఘానికి అధ్యక్షుడైన మనిషి లెక్క కోసం రాజ్‌భవన్‌కు వెళ్ళాల్సి వచ్చింది. ఆయనే ఇప్పుడు ఆర్థికమంత్రి. ఆరోజు ఏ కాగితాలు కావాలన్నారో ఆ బీరువా తాళాలు ఇప్పుడాయన దగ్గరే ఉన్నాయి. మీలో ఎవరైనా ఒకరు లేచి, అప్పుడు మీరడిగినవే మేం ఇప్పుడు అడుగుతున్నామండీ అంటే ఆయన కాదనలేరు. నవ్వుతారేమో కూడా.

2024 నవంబరులో పీఏసీ అధ్యక్ష పదవి కూటమిలోని పార్టీకే వెళ్ళింది. ప్రతిపక్షానికి బలం పదకొండే, వాళ్ళేమో ఎన్నికను బహిష్కరించారు. నిబంధనల ప్రకారం తప్పు ఎంచలేం. కానీ రేపు మీరు ప్రతిపక్షంలో కూర్చునే రోజు రాకపోదు. ఈ రాష్ట్రంలో ఎవరికీ ఆ కుర్చీలు శాశ్వతం కావని నాకంటే మీకే బాగా తెలుసు.

అరకు, పాడేరు ఎమ్మెల్యేలకు విడిగా ఒక మాట. మీ పార్టీ సభకు దూరంగా ఉంటోంది. దానికి మీ కారణాలు మీకున్నాయి. కానీ ఏజెన్సీలో ఇప్పటికీ నిండు గర్భిణిని డోలీ కట్టి కొండ దింపుతున్న ఫొటోలు పేపర్లో వస్తూనే ఉన్నాయి. ఆ కొండల మీది రోడ్లకు మంజూరైంది ఎంత, విడుదలైంది ఎంత అని అడగాల్సినవాళ్ళు మీరిద్దరే, ఎందుకంటే మిగతా పదమూడు మంది ఊళ్ళలో డోలీలు తక్కువ. సభలో మైకు ఇవ్వకపోతే రాతపూర్వక ప్రశ్న వేయండి. దానికి మైకు అక్కర్లేదు.

నావి పెద్ద కోరికలు కావు. బడ్జెట్ పెట్టిన రోజుకూ ఓటు వేసే రోజుకూ మధ్య మూడు వారాలు ఎడం ఉంచమని అడగండి. ఆ మూడు వారాల్లో వైద్యం, మున్సిపల్, గిరిజన సంక్షేమం పద్దుల్ని చూసే సంఘం ఒక్కరోజైనా విశాఖలో కూర్చోమనండి. ఆ హాల్లో వెనక కుర్చీలో కూర్చోడానికి నాలాంటివాళ్ళను రానివ్వమనండి. మూడు నెలల కాగితం సంగతి పైన రాశాను.

ఆ కాంట్రాక్టరుకు డబ్బు ఆ మరుసటేడు దసరాకు వచ్చింది. అప్పటికి వడ్డీ ఎంత కట్టాడో నేను అడగలేదు, అతను చెప్పలేదు. టోకెన్ తీసుకుని వెళ్తూ, ఈసారి కూడా అసెంబ్లీలో పాసైనాదా బాబూ అని మాత్రం అడిగాడు.

నా దగ్గర ఈ ఏడాది బడ్జెట్ సంపుటాలున్నాయి. డౌన్‌లోడ్ చేసి, జగదాంబ దగ్గర జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి బైండింగు చేయించాను. ప్రతి ఆదివారం పొద్దున పది గంటలకు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో వాటిని ముందేసుకుని కూర్చుంటాను. ఈ వారం 2210 మీద ఉన్నాను. మీరు రాలేకపోతే మీ పీఏను పంపండి, నాలుగు గళ్ళు ఎలా చదవాలో గంటలో చెప్పి పంపిస్తాను. టీ ఖర్చు నాది.

ఇట్లు,
ఖజానా శాఖ రిటైర్డ్ ఉద్యోగి,
సీతమ్మధార, విశాఖపట్నం